మర్యాద బంతి

గున్నేశ్వరరావు కుడిచెయ్యి ఎలా విరిగిందో కాకినాడలో అందరికీ తెలుసు. చూశానని చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ సాయంత్రం క్లబ్బు బిలియర్డ్స్ గదిలో పదకొండు మంది పెద్దమనుషులున్నారు. పదకొండు మందీ సరిగ్గా అదే నిమిషంలో కిటికీలోంచి బయటికి చూస్తున్నారట. ఆ కిటికీ బయట ఏముందో నాకు తెలుసు. సైకిళ్ళ షెడ్డు.

అతను ఆ క్లబ్బులో మార్కరు. ఆట బల్ల మీది ఆకుపచ్చ గుడ్డని బ్రష్షుతో దువ్వడం, కర్రల కొసలకి తోలు బిళ్ళలు అంటించడం, పాయింట్లు చదవడం, జోడీ దొరకని మెంబరుతో తనే ఆడటం మార్కరు పనులు. కిటుకంతా ఆ ఆఖరి పనిలో ఉంది. మార్కరు గెలవకూడదు. కావాలని ఓడినట్టు కనపడనూ కూడదు. ఆటని సమానంగా లాక్కొచ్చి, బల్ల మీద ఒక్క బంతి మిగిలినప్పుడు దాన్ని వెంట్రుకవాసిలో తప్పించి, నాలుక కరుచుకుని, మెంబరుకి వదిలెయ్యాలి. దానికి మార్కర్లు పెట్టుకున్న పేరు మర్యాద బంతి. మన గోదావరి జిల్లాల్లో పంక్తిలో చివరి బూరె చుట్టానికి వదిలెయ్యమూ? అలాంటిదే. పద్దెనిమిదో ఏట క్లబ్బులో చేరిన గున్నేశ్వరరావు ఇరవయ్యారేళ్ళపాటు డాక్టర్లకీ, ప్లీడర్లకీ, వాళ్ళ అల్లుళ్ళకీ ఆ బంతి వదులుతూ వచ్చాడు. ఒక్కరికీ అనుమానం రాలేదు. అంత పనిమంతుడు.

ఎనభై నాలుగు వేసవిలో తాతాజీ అనే రైసుమిల్లు యజమాని యానాంలో తాగొచ్చి, కాబోయే వియ్యంకుడి ఎదురుగా అతనితో ఆడాడు. గున్నేశ్వరరావు మామూలుగానే ఆఖరి బంతి వదిలాడు. ఆ వియ్యంకుడికి ఆట తెలుసు. “మార్కరు మంచివాడు బావగారూ, మీకు వదిలేశాడు” అని నవ్వాడు. తాతాజీ కూడా నవ్వాడు. నవ్వుతూనే గున్నేశ్వరరావు మణికట్టు పట్టుకుని, చేతిని బల్ల అంచు మీద పెట్టి, కర్ర తిరగేసి మొదలుతో కొట్టాడు. “నాకు ముష్టేస్తావురా?” అంటూ కొట్టాడు. మూడో దెబ్బకి కర్ర విరిగింది. నాలుగోది విరిగిన ముక్కతో వేశాడు. గున్నేశ్వరరావు తప్పయిపోయిందండి, తప్పయిపోయిందండి అంటూనే ఉన్నాడు. రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. మణికట్టు తిరగడం మానేసింది. క్లబ్బువాళ్ళు రక్తం మరక పడిందని బల్ల మీద గుడ్డ మార్చారు, మార్కర్నీ మార్చారు. మనిషి మాత్రం సినిమా హాలు సైకిలు స్టాండులో వాచ్‌మన్ అయ్యాడు.

ఇక నా సంగతి. నా పేరు నాగేశ్వరప్రసాద్. మా నాన్న గాజులూ రిబ్బన్లూ అమ్మిన కొట్టుని నేను వీడియో గేమ్సు కొట్టు చేశాను. ఎనభై ఏడులో మద్రాసు వెళ్ళి బీరువా అంత మిషన్లు రెండు లారీలో వేయించుకొచ్చాను. ఒకటి కార్ల పందెం, రెండోది బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట. మా ఆవిడ కన్యకాపరమేశ్వరి, గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు తిట్టుకోరు, వీటికొచ్చే వెధవలు కొట్టుకుంటారు చూడండి అంది. ఆవిడ మాట ఎప్పుడు విన్నాను గనక?

మొదటి దెబ్బ నేనే కొట్టాను. పెయింటరు సత్తిరాజుని బోర్డు మీద “పూల్ గేమ్” అని రాయమంటే, పొల్లు ఎగరగొట్టి “పూల గేమ్” అని రాసి, పక్కన బంతిపువ్వు కూడా వేశాడు. పసుపు రంగు డబ్బా ఎత్తి అతని నెత్తిన కుమ్మరించాను. నా కోపం అలాంటిది. అయినా ఊరంతా దాన్ని పూల మిషను అనే పిలిచింది. ఎవరికీ ఆట తెలియదు. తెల్లబంతి తుపాకీ గుండనుకుని బటన్ టకటకా నొక్కేవారు, బంతులు పడకపోతే మిషన్ని కాలితో తన్నేవారు. నేను కౌంటరు కింద వెదురు కర్ర పెట్టుకున్నాను. వారానికి ఇద్దరి వీపులైనా ఆ కర్ర రుచి చూసేవి.

ఒక మధ్యాహ్నం పాలిటెక్నిక్ కుర్రాళ్ళు ఇద్దరు, గేరు ఎటు తిప్పాలన్న దానిమీద వాదించుకున్నారు. పూల మిషనుకుండే పిడిని మా కొట్లో గేరు అనేవారు. వాదన పెరిగి ఒకడు రెండోవాడి జుట్టు పట్టి తలని మిషను అద్దానికేసి కొట్టాడు. రెండోవాడు వీధిలో బండి మీది గోలీసోడా సీసా లాగి పగలగొట్టి మొదటివాడి తొడలో దింపాడు. నేను కర్ర పట్టుకుని నిలబడిపోయాను. రక్తం అంతలా చిమ్ముతుందని నాకు తెలియదు. ఎదుటి సైకిలు స్టాండులోంచి గున్నేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. తువ్వాలు ఒక కొస పళ్ళతో పట్టి, రెండో కొస ఎడంచేత్తో లాగి, ఆ కుర్రాడి తొడకి బిగించి కట్టి, రిక్షా ఎక్కించి ఆసుపత్రికి పంపాడు. వెనక్కొచ్చి చేతులు కడుక్కుంటూ పూల మిషను అద్దంలోకి చూశాడు. లోపల ఆకుపచ్చ బల్ల, ఆరు జేబులు, పదిహేను బంతులు. కడుగుతున్న చెయ్యి ఆగిపోయింది. ఒకసారి ఆడమన్నాను.

మొదట అతను నడుం వంచి, గడ్డం మిషను అంచుకి ఆనించి, ఒక కన్ను మూసి పక్కనుంచి చూశాడు. కర్ర పట్టిన మనిషి అలాగే చూస్తాడు. అద్దం పక్కనుంచి చూస్తే ఏం కనబడుతుంది, దుమ్ము తప్ప? తర్వాత బల్ల అవతలివైపు చూద్దామని మిషను వెనక్కి వెళ్ళాడు. అక్కడ గోడ, వైర్లు. జనం పగలబడి నవ్వారు. అతను నిటారుగా నిలబడి కాసేపు ఆలోచించి, “ఇది ఫ్యాను మీద కూచుని కిందికి చూసే ఆటండి” అన్నాడు. అంతే, అసలు సంగతి పట్టేశాడు. నేను మిషను కొని నెలైనా నాకా ముక్క తట్టలేదు.

ఎడంచేత్తో గేరు తిప్పితే బల్ల మీద చిన్న గుర్తు జరుగుతుంది. తెల్లబంతి ఆ గుర్తు వైపే పోతుంది. అద్దం అంచున ఎర్రగీత ఒకటి పైకీ కిందికీ ఊగుతుంటుంది. బటన్ నొక్కినప్పుడు అది ఎంత ఎత్తున ఉంటే దెబ్బ అంత గట్టిగా పడుతుంది. వంగని వేళ్ళు అడ్డం రాకుండా అతను కుడి బొటనవేలితో నొక్కేవాడు. మొదట్లో ఎర్రగీతని చూస్తూ నొక్కితే ప్రతిసారీ ఆలస్యమైంది. తర్వాత గీత వైపు చూడటం మానేసి, లోపల లెక్కపెట్టుకుంటూ నొక్కాడు. క్లబ్బు బల్ల సముద్రం వైపుకి కాస్త వాలి ఉండేదట, ఇరవయ్యారేళ్ళూ ఆ వాలు లెక్కేసుకునే కొట్టాడట. ఈ బల్లకి వాలు లేదని నమ్మడానికి నాలుగు రోజులు పట్టింది. వారానికల్లా ఒక్కొక్క బంతినీ చెప్పి మరీ జేబులో వేస్తున్నాడు. సైకిలు స్టాండు మాన్పించి నా కొట్లో పెట్టుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పేవాడు. “కొట్టే బంతిని కాదండి, తెల్లది ఎక్కడ ఆగుద్దో అది చూడండి” అనేవాడు. తన్నడం ఆగింది. నా వెదురు కర్రకి బూజు పట్టింది.

ఒక్కటే లోపం. పద్నాలుగు బంతులు చకచకా వేసేవాడు. పదిహేనోది తప్పేది. ఎదురుగా మనిషి ఉన్నా లేకపోయినా తప్పేది. జేబు నోట్లో నిలబడ్డ, చంటిపిల్ల ఊదినా పడే బంతి కూడా తప్పేది. మొదట నేను తిట్టాను. ఎవడున్నాడయ్యా అక్కడ నువ్వు మర్యాద చెయ్యడానికి, కరెంటు పెట్టెకి మర్యాదేంటి అన్నాను. అతని మొహం చూసి నోరు మూసుకున్నాను. కావాలని చెయ్యడం లేదు. “నేను వెయ్యాలనే నొక్కుతానండి, ఏలే వదిలేస్తందండి” అన్నాడు.

పొద్దున్నే కొట్టు తెరవకముందే వచ్చి ఒంటరిగా ఆడేవాడు. పద్నాలుగు పడేవి, పదిహేనోది తప్పేది. ఒకరోజు నేను షట్టరు ఎత్తేసరికి అతను కుడిచేతిని మిషను ఇనప అంచుకేసి బాదుకుంటున్నాడు. కర్రతో కొట్టిన చోటే మళ్ళీ మళ్ళీ బాదుకుంటున్నాడు. చర్మం లేచిపోయింది. నేను పట్టుకుని లాగితే, ఈ ఒక్క బంతి నా అంతట నేను వేస్తే చాలండి, ఆ తర్వాత ఈ చెయ్యి కొట్టేసినా పర్వాలేదండి అని ఏడ్చాడు. ఆ మనిషికి కావలసింది అదొక్కటే. మరి నేనేం చేశానో వినండి.

అతను ఓడిపోవడం నా వ్యాపారానికి బాగుంది. క్లబ్బు మార్కర్ని ఓడించానని చెప్పుకోవడానికి లారీ క్లీనర్లు, హార్బరు కూలీలు, స్టూడెంట్లు వరస కట్టారు. క్లబ్బు అలవాటు కొద్దీ అతను ఆటని ఏడు, ఏడు దాకా సమానంగా లాక్కొచ్చేవాడు, అందరూ ఆఖరి బంతి దగ్గర గెలిచేవారు. అందుకని నేను, అలాగే ఉండనియ్యి గున్నేశ్వర్రావ్, తొందరేముంది అన్నాను. అతను తలవంచుకుని సరేనండి అన్నాడు. పెద్దమనుషుల మీద పళ్ళు కొరికే నేను ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు.

కబురు తాతాజీ చెవిన పడింది. నీకు వదిలిన మర్యాద బంతినే ఇప్పుడు లారీ క్లీనర్లకీ వదులుతున్నాడట అని మిల్లు దగ్గర ఎవరో ఎగతాళి చేశారు. ఆ క్లీనర్లలో సగంమంది తాతాజీ లారీల వాళ్ళే. ఆయన గురువారం నాడు మనిషిని పంపాడు. ఆదివారం వస్తాను, ఈసారి నిజం ఆట ఆడాలి, బంతి వదిలినట్టు కనపడితే రెండో చెయ్యి కూడా అంచు మీద పెట్టిస్తాను అని. గెలిస్తే ఏం చేస్తాడో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. వదిలినా చెయ్యి పోతుంది, గెలిచినా పోతుంది.

శనివారం గున్నేశ్వరరావు భార్య సంపూర్ణమ్మ కొట్టుకొచ్చింది. ఇడ్లీలు అమ్మి ఇల్లు నడిపే మనిషి. కుడిచెయ్యి పోయిన కొత్తలో ఆరు నెలలు ఆయనకి అన్నం కలిపి పెట్టానని చెప్పింది. రేపు కొట్టు తియ్యొద్దని అడిగింది. ఆదివారం మూస్తే తాతాజీ ఊరుకోడమ్మా అన్నాను. “అయితే ఆ చెయ్యి బారం మీ మీదే పెడతన్నానండి ప్రసాద్‌గారూ” అంది. నేనున్నానుగా అని అభయమిచ్చాను. గున్నేశ్వరరావుని ఎక్కడికైనా వెళ్ళిపొమ్మని కూడా చెప్పి చూశాను. “మూడేళ్ళ తర్వాత ఆయనంతట ఆయనే వస్తున్నాడండి. నేనెక్కడికెళ్తానండి?” అన్నాడు. ఆ కళ్ళలో భయం లేదు. నాకే భయం వేసింది.

ఆదివారం పదకొండింటికి తాతాజీ జీపు దిగాడు. వెంట నలుగురు. ఒకడి చేతిలో జీపు జాకీ రాడ్డు ఉంది. కొట్టు నిండా జనం, గుమ్మం అవతల ఇంకో యాభై మంది. పొద్దున్నే తాగాడేమో, ఆయన నోటివెంట వాసన వస్తోంది. దారికి అడ్డంగా ఉన్న క్లీనర్ని మెడ పట్టి గోడకి కొట్టాడు. ఆ కుర్రాడి పెదవి చిట్లింది, వాడు తుడుచుకుని నవ్వాడు. యజమాని కదా.

ఇద్దరు ఆడే ఆటలో బంతి పడితే మళ్ళీ నీదే వంతు, తప్పితే ఎదుటివాడిది. పదిహేనులో ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళు గెలిచినట్టు. తాతాజీ ముందే ఎక్కడో సాధన చేసి వచ్చాడని రెండు దెబ్బలకే తెలిసిపోయింది. తప్పినప్పుడల్లా పక్కనున్న తన మనిషిని డొక్కలో గుద్దేవాడు. నాలుగుసార్లు తప్పాడు. ఆ మనిషి నాలుగో గుద్దుకి గోడవారగా కూలబడ్డాడు. గున్నేశ్వరరావు మాత్రం ఎవర్నీ చూడలేదు. అతని పెదవులు లోపల లెక్కపెట్టుకుంటున్నాయి.

ఏడు, ఏడు. ఒక్క బంతి మిగిలింది. వంతు గున్నేశ్వరరావుది. బంతి మూల జేబుకి జానెడు దూరంలో ఉంది, మధ్యలో అడ్డేమీ లేదు. తాతాజీ జాకీ రాడ్డు అందుకుని అతని ఎడంచేతి మీద, గేరు పట్టుకున్న చేతి మీద, మెల్లిగా ఆనించాడు. “వదులుతావో వేస్తావో నీ ఇష్టంరా” అన్నాడు. గున్నేశ్వరరావు గుర్తుని జరిపి నిలబెట్టాడు. రాడ్డు బరువుకి వేళ్ళు తెల్లబడ్డాయి. బొటనవేలు నొక్కింది. తెల్లబంతి కదిలింది.

నేను మిషను స్విచ్చి కట్టేశాను.

అద్దం నల్లగా అయిపోయింది. జనంలోంచి ఒక్క మూలుగు వచ్చింది. తాతాజీ ఒక క్షణం అర్థంకానట్టు నిలబడి, తర్వాత ఊపిరి వదిలాడు. “కరెంటు పోయింది. సమానం” అని నవ్వాడు. నేనూ తలూపాను, అవునండి, వెధవ కరెంటు అన్నాను. ఆయన రాడ్డు తన మనిషికిచ్చి, నా భుజం తట్టి జీపెక్కాడు. బతికాననుకున్నాను. చెయ్యి కాపాడాననీ, మిషను అద్దం కాపాడుకున్నాననీ, ఊళ్ళో బతకగలననీ అనుకున్నాను.

గున్నేశ్వరరావు ఇంకా అద్దం వైపే చూస్తున్నాడు. తర్వాత తలెత్తాడు. అతని నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. జనం కూడా తలలెత్తి ఫ్యాను చూశారు. అప్పుడతను నా దగ్గరికి నడిచి వచ్చాడు.

మొదటిది ఎడంచేతి పిడికిలి, నోటి మీద. రెండు పళ్ళు నాలిక మీద పడ్డాయి. “ఆట ఎందుకు కట్టేశారండి?” అన్నాడు. నేను కౌంటరు పట్టుకునేలోగా రెండోది పడింది. ఎందుకు కట్టేశారండి అని మళ్ళీ అడిగాడు. కింద పడ్డాను. డొక్కలో తన్నాడు. తర్వాత నా మీద కూచుని కుడిచేత్తో, ఆ వంగని వేళ్ళ చేత్తోనే, మొహం మీద కొట్టాడు. దేనికీ పనికిరాదనుకున్న చెయ్యి నా ముక్కు పగలగొట్టడానికి పనికొచ్చింది. ప్రతి దెబ్బకీ అతనే బాధతో కేక పెట్టాడు. ప్రతి దెబ్బకీ అండి అన్నాడు. ఒక్కసారి కూడా ఒరే అనలేదు. ఆ అండి నాకు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది. కొట్టు నిండా నా కస్టమర్లే ఉన్నారు, ఒక్కడూ అడ్డం రాలేదు. నేనూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అతను అలిసిపోయి లేచి, తన చేతికున్న నా రక్తం తువ్వాలుతో తుడుచుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సంపూర్ణమ్మ వచ్చింది. నా మొహం వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. మొగుడి తరఫున క్షమించమంటుందని, పోలీసులకి చెప్పొద్దంటుందని అనుకున్నాను. చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ఆయన నిన్నటినుంచి గోడవైపు తిరిగి కూచున్నాడనీ, అన్నం ముట్టలేదనీ, ఎడంచేత్తో ఏదో తిప్పుతూ, బొటనవేలితో నేలని నొక్కుతూ, పడిందా పడలేదా అని తననే అడుగుతున్నాడనీ చెప్పింది.

“మీరు పక్కనే ఉన్నారు కదండీ. ఆ బంతి పడేదా, తప్పేదా? ఏదో ఒకటి చెప్పండి, ఎల్లి చెప్తాను” అంది.

పడేదమ్మా అనడానికి నోరు తెరిచాను. వ్యాపారస్తుణ్ణి, రోజుకి వంద అబద్ధాలు చెబుతాను. ఆవిడ కళ్ళల్లోకి చూసి ఇదొక్కటీ చెప్పలేకపోయాను.

“నేను బంతిని చూళ్ళేదమ్మా. తాతాజీ మొహం చూస్తున్నాను” అన్నాను.

నువ్వేగా తల్లీ ఆ చెయ్యి కాపాడమన్నావు, కాపాడాను కదా అని సిగ్గులేకుండా ఆ మాట కూడా అనేశాను.

“చెయ్యి కాపాడమన్నానండి. ఆట కట్టెయ్యమన్నానా?” అంది. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, గొంతు పెంచకుండా, “ఆ స్విచ్చి కట్టేసిన చెయ్యి పడిపోనండి” అంది.

ఆ నెలాఖరుకి వాళ్ళు సామర్లకోట వెళ్ళిపోయారని విన్నాను. నా చెయ్యి పడిపోలేదు. దాంతోనే షట్టరు ఎత్తుతున్నాను, దాంతోనే అన్నం తింటున్నాను. తిన్నప్పుడల్లా సిగ్గుగా ఉంటుంది.